వసుమతి సెలవులు

వసుమతికి ముప్పై రెండు పళ్ళూ నిక్షేపంలా ఉన్నాయి. చెరుకు ముక్క ఇస్తే చాకు అడగకుండా పంటితోనే చీల్చుకు తింటుంది. ఆఫీసులో మాత్రం ఆవిడ పళ్ళ సంగతి తలుచుకుని జాలిపడని వాళ్ళు లేరు. రెండేళ్ళుగా ఆవిడ పెట్టిన సెలవుల్లో సగం పంటి ఖాతాలోనే పడ్డాయి. పుప్పిపన్నని ఒకసారి, చిగురు వాచిందని ఒకసారి, వేరు దాకా తవ్వి సిమెంటు పెట్టారని ఇంకోసారి. ఎవరైనా ఊరి నుంచి చెక్కలో జంతికలో తెస్తే, వసుమతి గారికి వద్దులెండి పాపం అని ఆవిడ బల్ల దాటించి అవతలికి పంపేవారు. జంతికలంటే ఆవిడకి ప్రాణం. అయినా నోరు కట్టుకుని కూర్చునేది.

ఆవిడ వెళ్ళేది పళ్ళ డాక్టరు దగ్గరికి కాదు. పిల్లలు కలగడానికి వైద్యం చేసే క్లినిక్‌కి. అది పంజగుట్టలోనే, ఆఫీసుకి రెండు సందుల అవతల ఉంది. పెళ్ళయి పదేళ్ళు దాటింది. మొక్కులు అయ్యాయి, ఎవరెవరో చెప్పిన పసరు మందులు అయ్యాయి. ఆఖరికి భర్త కేదారే ఒకరోజు సనత్‌నగర్‌లో తను పనిచేసే మందుల ఫ్యాక్టరీ నుంచి వస్తూ వస్తూ ఆ క్లినిక్‌లో పేరు రాయించి వచ్చాడు. అక్కడ ఇప్పటికి రెండుసార్లు, బయట పెంచిన పిండాన్ని కడుపులో పెట్టించుకున్నారు. రెండుసార్లూ నిలవలేదు.

ఇది 2006 నాటి మాట. అమీర్‌పేటలో మేడమెట్టుకో కోచింగ్ సెంటరు, కరెంటు స్తంభానికో జావా బ్యానరు వేలాడుతున్న రోజులు. ఊరంతా సాఫ్ట్‌వేరు వెంట పరుగెడుతుంటే, ఏలూరులో బాటనీ చదువుకుని వచ్చిన వసుమతి మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్‌లో పడింది. అమెరికాలో డాక్టర్లు రోగుల గురించి రికార్డు చేసి పంపిన మాటల్ని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని విని, ఇంగ్లీషులో టైపు కొట్టి తిప్పి పంపాలి. వాళ్ళు సాయంత్రం చెప్పినవి మనకి తెల్లారేసరికి వచ్చి పడతాయి. ఆరింటికల్లా కుర్చీలో ఉండాలి. మధ్యాహ్నం దాకా తల ఎత్తడానికి ఉండదు.

చిక్కంతా అక్కడే వచ్చింది. క్లినిక్‌లో స్కానింగులు చేసేదీ పొద్దున్నే. పైగా ఈ వైద్యం మనం అనుకున్న రోజుకి జరిగేది కాదు. సూదులు పొడుస్తూ, అండాలు ఎంత పెరిగాయో చూస్తూ పోతారు. రేపు రమ్మంటే రేపే వెళ్ళాలి, ఎల్లుండి కుదురుతుందంటే పనంతా బూడిదలో పోసినట్టే. పెళ్ళికి సెలవు కావాలంటే నెల ముందు చెప్పవచ్చు. రేపు నా కడుపులో గుడ్డు పెరుగుతుందని ఎవరికి ముందుగా చెప్పగలం? అందుకే పాపం ఆ పన్ను, ఎప్పుడంటే అప్పుడు నొప్పి పుట్టడానికి అది ఒక్కటే వీలుగా ఉండేది.

మూడోసారి మొదలుపెట్టే వేళకి ఆవిడ అలిసిపోయింది. సూదులకి అలవాటు పడింది, డాక్టరమ్మ మొహంలో మంచీ చెడూ వెతకడానికీ అలవాటు పడింది. అబద్ధాలకే ఓపిక చాలడం లేదు. ఏ పన్ను ఎప్పుడు పీకించుకుందో గుర్తుపెట్టుకోవాలి. మేనేజరు హనుమత్ప్రసాద్ గారు తన బావమరిది పళ్ళ డాక్టరేనని, ఫీజు లేకుండా చూస్తాడని నాలుగుసార్లు చెప్పాడు. ఒకసారి ఫోను కూడా చేయబోయాడు. ఇక నావల్ల కాదండీ, ఉన్నదున్నట్టు చెప్పేస్తాను అని కేదార్‌తో అంది. సిగ్గు పడాల్సిన పని మనం ఏం చేశాం, చెప్పెయ్ అన్నాడు కేదార్.

ఈసారి డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది, వయసు ముప్పై అయిదు దాటింది, ఆలస్యం చెయ్యొద్దని. అండాలు తీసేటప్పుడూ పిండం పెట్టేటప్పుడూ కలిపి రెండు వారాలు కావాలి. క్యాజువల్ లీవులూ సిక్ లీవులూ ఎప్పుడో హరించుకుపోయాయి. ఇక జీతం కోతే. క్లినిక్‌కి కట్టేదే ఆవిడ జీతం, ఇంటి బండి లాగేది కేదార్ జీతం. ఆవిడ జీతం ఆగితే వైద్యం ఆగినట్టే.

హనుమత్ప్రసాద్ చెడ్డవాడు కాదు. అదే వచ్చిన బాధ. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. ఆయన కుర్చీ చూపించి, అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇన్నాళ్ళూ మీ పళ్ళ గురించి మా ఇంట్లో కూడా చెప్పుకున్నామమ్మా అన్నాడు. తరవాత సెలవుల రిజిస్టరు ముందుకి లాక్కున్నాడు.

"జబ్బు చేస్తే సిక్ లీవు ఉంది. కాన్పుకి మెటర్నిటీ లీవు ఉంది. మీది ఈ రెండింట్లో ఏదని రాయనమ్మా?" అని అడిగాడు చివరికి.

ఏదని చెబుతుంది? జబ్బంటే జబ్బు కాదు. కాన్పంటే, ఆ అదృష్టమే ఉంటే ఇక్కడికి వచ్చేదే కాదు.

"ముందు కడుపు పండనివ్వండి. మూడు నెలలకి ఇంకో నెల కలిపి నేనిప్పిస్తాను, ఓనరు గారితో నేను మాట్లాడతాను," అన్నాడు.

"అది పండటానికే అడుగుతున్నాను సార్," అంది వసుమతి.

ఆయన తల దించుకున్నాడు. ఒకరికి ఇస్తే రేపు ఇంకొకరు అడుగుతారని, కంపెనీ రూల్సులో లేనిది తన చేతిలో లేదని మెల్లగా చెప్పాడు. జీతం లేకుండా అయితే ఎన్ని రోజులైనా రాసిస్తానన్నాడు. ఆ మాత్రానికే దణ్ణం పెట్టి ఇవతలికి వచ్చింది. ఇంట్లో మెడలో గొలుసు తీసి కేదార్ చేతిలో పెడితే, ఆయన చొక్కా తొడుక్కుని తాకట్టు కొట్టుకి బయల్దేరాడు.

ఆ వారంలోనే పక్క సీటు సుకన్యకి ఆఫీసులో సీమంతం చేశారు. సుకన్యది సిద్దిపేట వైపు. ఏడో నెల. భోజనాల గదిలో కుర్చీ వేసి, పూలు పెట్టి, ఆడవాళ్ళంతా గాజులు తొడుగుతుంటే వసుమతి తలుపు దగ్గరే నిలబడింది. పిల్లలు లేని మనిషి చెయ్యి వేస్తే ఎవరేమనుకుంటారోనని ఆవిడ భయం. పళ్ళ కథ సుకన్య ఏనాడూ నమ్మలేదు, అయినా ఎవరి దగ్గరా పెదవి విప్పలేదు.

"అక్కా, గాడ నిలబడ్డవేంది? నా పక్కకొచ్చి కూసో," అంది సుకన్య. "నాకేసినంక గవే గాజులు నీకు సుత ఏపిస్త. మా దిక్కు గట్లనే చేస్తరు, కడుపు పండుతదని."

అందరూ ఒక్కసారి వసుమతి వైపు చూశారు. సిగ్గుతో చచ్చిపోతాననుకుంది కానీ కాళ్ళు వాటంతటవే నడిచాయి. ఆకుపచ్చ గాజులు తొడిగించుకుంటుంటే కళ్ళలో నీళ్ళు ఆగలేదు. మర్నాటి నుంచి ఆఫీసులో పంటి గురించి ఎవరూ అడగలేదు.

పిండం పెట్టారు. ఈసారి నిలిచింది. రక్తపరీక్ష కాగితం కేదార్ చదివిందే చదివాడు. ఆ ఇద్దరూ గట్టిగా నవ్వడానికి కూడా భయపడి ఇంట్లో పిల్లుల్లా తిరిగారు. రెండు వారాలు అయిపోగానే వసుమతి పనిలోకి వచ్చేసింది. ఇంకో వారం విశ్రాంతి తీసుకుంటే మంచిదని డాక్టరమ్మ అంది కానీ, జీతం వదులుకుని పడుకోవడానికి చేతిలో డబ్బు మిగల్లేదు. షేర్ ఆటోలో వద్దని కేదార్ తెల్లవారుజామునే లేచి స్కూటరు మీద మెల్లగా తెచ్చి దింపేవాడు. ఫ్లైఓవర్ పనులకి తవ్వి పోసిన రోడ్డు మీద, గుంత వచ్చినప్పుడల్లా బండి ఆపి, ఆవిడని దించి, గుంత దాటాక మళ్ళీ ఎక్కించుకునేవాడు.

ఏడో వారంలో, ఎవరో అమెరికా డాక్టరు ఎవరి మోకాలి గురించో చెబుతుండగా, వసుమతి రికార్డింగు నడిపే కాలికింద పెడల్ వదిలేసి పొట్ట పట్టుకుంది. సుకన్య అప్పటికే జీతంతో సెలవు మీద పుట్టింటికి వెళ్ళిపోయింది. వేరే ఎవరో ఆటో పిలిచి, రెండు సందుల అవతలికి తీసుకెళ్ళారు. ఇందులో మీ తప్పేమీ లేదని డాక్టరమ్మ పదేపదే చెప్పింది. మూడు నెలలు ఆగి ఇంకొక్కసారి చూద్దామంది. వసుమతి తల ఊపింది. ఆ వారం ఇంట్లో పడుకుని ఉంటే, అనే మాట మాత్రం ఆవిడ మనసులోంచి పోలేదు.

రెండు రోజులు ఇంట్లో ఉండి మూడో రోజు ఆఫీసుకి వచ్చింది. జీతంతో సెలవు లేదు కదా మరి. హనుమత్ప్రసాద్ చూసి, ఎందుకొచ్చారమ్మా అని కంగారుగా గదిలోకి పిలిచాడు. ఆయన రెండు రాత్రులు సరిగా నిద్రపోలేదని మొహమే చెబుతోంది. తెలిసిన లాయరు దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడట, ఈవిడకి ఏదైనా దారి ఉందా అని.

"ఉందమ్మా. గర్భం పోతే ఆరు వారాలు సెలవు, పూర్తి జీతంతో. చట్టంలోనే ఉంది," అన్నాడు. "డాక్టరు కాగితం ఒకటి తెచ్చివ్వండి చాలు. దీన్ని ఓనరు గారు కూడా కాదనలేరు."

మంచి చేస్తున్న మనిషి గొంతు అది. వసుమతికి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక వేళ్ళు మడిచి ఏదో లెక్క వేసుకుంది.

"ఇందులో ఓ రెండు వారాలు దాచుకుని, మళ్ళీ వైద్యానికి వెళ్ళేటప్పుడు వాడుకోవచ్చా సార్?" అని అడిగింది.

ఆయన మొహంలో ఉత్సాహం ఆరిపోయింది.

"కుదరదమ్మా. పోయిన మర్నాటి నుంచే లెక్క. మొన్నటి నుంచే నడుస్తోంది."

వసుమతి లేచి తన బల్ల దగ్గరికి వచ్చింది. హెడ్‌ఫోన్లు తీసి సొరుగులో పెట్టి, కంప్యూటరు కట్టేసి, ఎండెక్కని రోడ్డు మీద షేర్ ఆటో ఎక్కి అమీర్‌పేటలో ఇంటికి వచ్చేసింది. సాయంత్రం కేదార్ వచ్చేసరికి దీపం వెయ్యకుండా మంచం మీద కూర్చుని ఉంది. ఏమైంది వసూ, పంపించేశారా అని ఆదుర్దాగా అడిగాడు.

"లేదండీ. సెలవిచ్చారు, జీతంతో," అంది.

ఆయనకి ప్రాణం లేచి వచ్చింది. "నిజంగానా? దేనికి ఇచ్చారు?"

"పోయినందుకు," అంది వసుమతి, అప్పటికి గాని ఆవిడకి ఏడుపు రాలేదు.