మేకకు చెప్పని నియమం

మూడు కూడళ్లు, ముగ్గురు మనుషులు, ఒక మేక. ఇంత తక్కువ సరుకుతో మా అమ్మ కూలి పనికే ఎసరు పెట్టిన ఘనుణ్ని నేను.

అప్పుడు కర్నూలులో ఎమ్మెస్సీ గణితం చదువుతున్నాను. దొంగా పోలీసు ఆటను గణితంలో కూడా ఆడతారని అక్కడే తెలిసింది. వీధులు గీతలు, కూడళ్లు చుక్కలు. వంతెనలూ సొరంగాలూ లేని ఊళ్లో ఎన్ని సందులున్నా దొంగను పట్టడానికి ముగ్గురు చాలునని పుస్తకంలో నిరూపణ ఉంది. ఆ పేజీ చదివినప్పటి నుంచి నా కాళ్లు నేల మీద ఆనలేదు.

మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్లే లారీ, నేను సెలవుకు ఇంటికొచ్చిన ఒక ఉదయం, కోసిగిలో మా వీధి చివర ఆగింది. మూటలు ఎక్కించారు. అమ్మ తన మేకను పక్కింటి అవ్వకు అప్పగించి ఎక్కాలి. అది కాస్తా తాడు తెంపుకుంది. లారీ తప్పితే అమ్మ చోటు ఇంకొకరికి పోతుంది, ఆ ఏడు ఆమెకు కోత పని ఉండదు.

గిన్నెలో జొన్నలు చూపిస్తే వస్తుందని అమ్మ అంది. చదువుకున్న కొడుకుండగా జొన్నలెందుకన్నాను. పుల్లతో మట్టిలో వీధుల పటం గీసి, అమ్మను ఒక కూడలిలో, కూలీలను తీసుకుపోయే మేస్త్రీ నరసప్పను ఇంకో కూడలిలో నిలబెట్టి, మూడోది నేను తీసుకున్నాను. మేక ఒక చుక్క జరిగాక మనం ఒక చుక్క జరగాలి, మళ్లీ అది మన వంతు అయ్యేదాకా ఆగుతుంది. ఈ నియమం మేకకు ఎవరూ చెప్పలేదు. నరసప్ప కాళ్ల మధ్య నుంచి దూరి మాయమైంది. లారీలో ఉన్నవాళ్లందరినీ దింపి సందుల్లోకి తోలాను.

గంట గడిచింది. డ్రైవరు హారను ఆపడం లేదు. నరసప్ప వచ్చి నా పటం మీదే నిలబడ్డాడు.

"ఏమప్పా, ఒక్క మేకకు ఇంత లెక్క యాల? మీయమ్మ వస్తే రమ్మను, ల్యాకుంటే నేను పోతాండా."

అమ్మ కళ్లలో నీళ్లు చూశాక పుల్ల పారేశాను. మేక సంగతి తర్వాత చూసుకుందామని ఆమెను లారీ దగ్గరికి తీసుకుపోయాను. వెనక తలుపు దించే ఉంది. లోపల మూటల మధ్య, అమ్మ దుప్పటి మీద, మేక కూర్చుని నెమరు వేస్తోంది. నా పటంలో లారీ లేదు.

నరసప్ప నవ్వాడు. అమ్మ నవ్వలేదు. దాని మెడ నిమిరింది.

"ఇది తప్పిచ్చుకునేకి ఉరకలేదు నాయనా. నాతో వచ్చేకి ఉరికింది."

సిగ్గుతో చచ్చిపోయాను. చిన్నప్పుడు ఏటా అమ్మ ఎక్కిన లారీ వెంట ఏడుస్తూ పరిగెత్తినవాణ్ని, నాకే ఆ మాట తట్టలేదు. మేకను దింపి పట్టుకున్నాను. లారీ కదిలాక అదీ నేనూ దుమ్ములో నిలబడ్డాం. అది అరిచింది. నేను పెద్దవాణ్ని కదా, అరవలేదు.

కాబట్టి పాఠకుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను. పరిగెత్తేవాళ్లకు ఎక్కడికి పోవాలని ఉందో కనుక్కోకుండా ఇకమీదట ఎవరినీ, ముఖ్యంగా నాలుగు కాళ్లవాళ్లను, పట్టుకోబోను.