నేను పీకిన వరి

మా రాయచూరు జిల్లా గోరేబాళలో ఇవాళ వరి పండుతోందంటే అది నా చలవే. కోస్తా నుంచి వచ్చిన రైతులకు ఆ నల్లరేగడిలో వ్యవసాయం నేర్పినవాణ్ణి నేను. నమ్మకం లేకపోతే ఆనాటివాళ్లను అడగండి. ఇప్పుడు మిగిలింది నేనూ మా ఆవిడా. ఆమె వంటింట్లో ఉంది, వినబడదు.

ఆ ఊరి కాలవకు కొత్తగా నీళ్లు వచ్చిన రోజులవి. నేను రాయచూరులో ఒక కచేరీలో టెంపరరీ గుమాస్తాను. చదివింది ఉర్దూ, రాసేది ఉర్దూ. ఇంతలో రాష్ట్రాలు మారాయి, కచేరీ రాతలన్నీ కన్నడంలోకి వెళ్లిపోయాయి. కన్నడం నేను నిద్రలో కూడా మాట్లాడతాను. రాయమంటే మాత్రం చెయ్యి కుడి నుంచి ఎడమకే పోయేది. అంత అందమైన చేతిరాతనూ మర్యాదగా ఇంటికి పంపేశారు.

బేకారీ అంటే తిండి లేకపోవడమనుకుంటారు. మా నాయన ఇంకా సంపాదిస్తున్నాడు, జొన్నరొట్టె వేళకే వచ్చేది. బేకారీ అంటే మర్యాద పెరగడం. నిన్నటిదాకా 'ఒరేయ్' అన్నవాళ్లు 'ఎట్లున్నవ్ నాయనా' అనడం మొదలుపెట్టారు. తీన్ కందీల్ చౌరస్తా దగ్గర హోటల్లో నేను అడుగుపెట్టగానే దోస్తులు నౌకరీ కబుర్లు ఆపి, రోగి పక్కన కూర్చున్నట్టు గొంతు తగ్గించి, వానల గురించి మాట్లాడేవాళ్లు. రాయచూరులో వానల గురించి ఎంతసేపని మాట్లాడతారు, పాపం!

వాళ్ల ఇబ్బంది చూడలేక నేనే హోటలు మానేసి నులకమంచం పట్టాను. మా ఆవిడ మంచం చుట్టూ ఊడ్చుకుంటూ పోయేది, మంచం కింద మాత్రం ఊడ్చేది కాదు. తిట్టేదీ కాదు. అందుకే నాకు భయం వేసింది.

మా ముందుగదిలో అంతకుముందు ఒక కోస్తా కుటుంబం అద్దెకుండి, గోరేబాళలో పొలం కొనుక్కుని వెళ్లింది. ఆ ఇంటి పెద్దావిడ ఏదో పనిమీద టౌనుకొచ్చి మా ఇంట్లో దిగింది. మంచంమీద నన్ను చూసి మా ఆవిడను అడిగింది.

"ఏమ్మా, మీ ఆయనకి జొరమా?"

"లేదు పెద్దమ్మా. నౌకరీ పోయింది."

"కాళ్లు కూడా పోయాయా?"

మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు కనబడలేదు.

"మా చేలో కలుపు తీయించాలి. కూలీల కన్నడం నాకు రాదు, నా తెలుగు వాళ్లకి ఎక్కదు. ఈయన్ని పంపు. మాట చెప్పడానికైనా పనికొస్తాడేమో చూద్దాం" అంది పెద్దమ్మ.

మర్నాడు దేశసేవకు బయల్దేరినవాడిలా బస్సెక్కాను.

పొలంలో పెద్దమ్మ ఒక మొక్క పీకి చూపించి, ఇది ఊద, ఇదే కలుపు, వరిలాగే ఉంటుంది జాగ్రత్త, అని చెప్పింది. నేను కూలీ ఆడవాళ్లకు కన్నడంలో అప్పజెప్పాను. చెప్పడం మీదే ధ్యాస, మొక్కను మాత్రం చూడలేదు. చదువుకున్నవాణ్ణి కదా, చూడాల్సిన పనేముంది? మాది జొన్న తినే ఊరు. జొన్నచేలో జొన్న కానిదల్లా కలుపు, చీకట్లో కూడా తెలుస్తుంది. ఇక్కడ మడి నిండా ఒకటే పచ్చన. అయినా ఊరికే గట్టుమీద నిలబడటం నామోషీ అనిపించి, పంచె ఎగ్గట్టి ఒక మూల దిగాను. బలంగా, నిగనిగలాడుతూ ఉన్నది వరి అయి ఉంటుంది, సన్నగా పాలిపోయింది కలుపు అయి ఉంటుంది అని తీర్పు చెప్పి, ఆ మూలంతా శుభ్రం చేశాను.

"ఓరి నీ అసాధ్యం కూలా! వరంతా పీకి ఊదకి పట్టాభిషేకం చేశావా!" అని గట్టుమీంచి అరిచింది పెద్దమ్మ.

కూలీలు నడుములు పట్టుకుని నవ్వారు. ఒకామె కన్నడంలో, ఈ దొర ఎద్దుల కోసం సాగు చేస్తున్నాడని అంది.

"ఏమంటోంది?" అంది పెద్దమ్మ.

దుబాసీని కదా, చెప్పక తప్పుతుందా? తెలుగులో చెప్పాను. ఆమె పడీపడీ నవ్వి, "ఎద్దులైనా వాసన చూసి తింటాయని చెప్పు" అంది. దాన్ని కన్నడంలో చెప్పాను. అట్లా సాయంత్రం దాకా నన్ను నేనే రెండు భాషల్లో తిట్టుకున్నాను. నౌకరీ పోయాక నా ముందు మనుషులు గొంతు తగ్గించకుండా మాట్లాడింది ఆ రోజే. సిగ్గుతో పాటు ఆకలి కూడా వేసింది, చాలా నెలల తర్వాత.

"పీకింది నువ్వు, నాటేదీ నువ్వే" అంది పెద్దమ్మ. "నారుమడి మూల నారు మిగిలింది. నాటాకే అన్నం."

నాటాను. మర్నాడు కోడి కూయక ముందే, ఎవరూ లేపకుండా లేచి చేలోకి పోయాను. నా మొక్కలు పడిపోయి ఉంటాయనుకున్నాను. నిటారుగా, వరసగా నిలబడి ఉన్నాయి! ఇంకో మడి ఇవ్వమని నేనే అడిగాను. కోతల దాకా ఉండిపోయాను. తిరిగొచ్చి కన్నడం అక్షరాలు దిద్దాను, ఒక బియ్యం మిల్లులో గుమాస్తాగా కుదిరాను.

సరే, వ్యవసాయం నేర్పాననడం కొంచెం సాగదీయడమే. నేను నేర్పింది ఊద పెంపకం ఒక్కటే. కానీ ఆ మొక్కలు నిలబెట్టింది మాత్రం ఈ చేతులే. అందులో ఇంత కూడా కల్పన లేదు.

ఇక్కడిదాకా రాసి, మా ఆవిడను పిలిచి చదివి వినిపించాను. పిండి చేతులతో నిలబడి అంతా విన్నది.

"కోడి కూయకముందు లేచినవా? పొద్దెక్కినంక లేచినవట. నీ నాట్లన్ని తెల్లారేసరికి నీళ్లమీద తేలుతుంటే పెద్దమ్మనే మడిల దిగి మళ్ల నాటింది. చెప్తే నువ్వు మళ్ల మంచమెక్కుతవని నాకొక్కదానికే చెప్పింది. అది గూడ రాయి."