మెక్సికో పుల్లైసు, మా టీచరమ్మ

మంగళవారం పొద్దున బేగంపేటలో ఒకరింట్లో ఫ్రిజ్ వెనక పడుకొని గ్యాస్ పైపు చూస్తుండగా నా భార్య ఫోన్ చేసింది. "టీచరమ్మ పోయిందంట. నిద్రలనే. జెర జల్ది రా" అన్నది. నేను పైపు పట్టుకొని చాలాసేపు అలాగే పడుకున్నాను. ఆ ఇంటివాళ్ళు ఫ్రిజ్ ఇక బాగుపడదేమో అనుకున్నారు.

సహోదరులారా, ఆవిడ మీలో సగం మందికి చదువు చెప్పారు. బడిలో భూగోళం చెప్పి రిటైరయ్యాక రాంగోపాల్‌పేటలో మా పక్క వాటాలోనే ఉన్నారు. నేను ఏ బైబిలు కాలేజీలోనూ వాక్యం నేర్చుకోలేదు. పగలు ఫ్రిజ్‌లు బాగుచేసి, సాయంత్రం రెజిమెంటల్ బజార్ మూలన నిలబడి, తెలిసినంత గట్టిగా చెబుతాను. మైకు లేకపోయినా రెండు వీధులకు వినబడతానని మీకు తెలుసు. అలాంటి నన్ను ఒక్క ప్రశ్నతో కూర్చోబెట్టేవారు ఆవిడ. నోవహు ఓడ మీద గంటసేపు చెప్పి దిగితే, "బాగుందయ్యా. మరి అన్ని జంతువులకి తాగేనీళ్ళు ఎక్కడ పెట్టుంటాడంటావ్?" అన్నారు. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకోవాలని. ఆ వారమంతా నేను వాక్యం తిరగేస్తూనే ఉన్నాను.

నిరుడు గొంతులో గడ్డ అని తేలి ఆవిడకు రేడియేషన్ కరెంటు పెట్టించారు. గడ్డ కరిగింది, పుళ్ళు మానాయి, రుచి మాత్రం పోయింది. పప్పుచారు, ఆవకాయ, పాయసం, అన్నీ ఒకటే. "తడి అట్టముక్క నమిలినట్టుందయ్యా" అన్నారు. రావచ్చు, రాకపోవచ్చు, కొంచెం కొంచెంగా ప్రయత్నించి చూడమన్నారట డాక్టరుగారు. మనిషి చిక్కిపోయారు. తినబుద్ధి కాకపోతే ఎంతకాలం నిలబడతారు? నేను ఊరుకోలేదు. మూడు రోజులు ఉపవాసముండి, శుక్రవారం కూడికలో లేచి, ఎల్లుండి కాక ఆపై ఆదివారానికి టీచరమ్మ నాలుక తెరవబడుతుందని అందరి ముందూ ప్రకటించాను. నన్ను ఎవరూ అడగలేదు. దేవుడు చెప్పమన్నాడా అంటే, ఇప్పుడు ఆలోచిస్తే, నా గొంతే ముందు లేచింది.

మర్నాడు ఆవిడ నన్ను పిలిచి ఫోన్‌లో ఒక వీడియో చూపించారు. మెక్సికోలో ఒకామె మామిడిపండు గుజ్జులో నిమ్మరసం, ఉప్పు, కారం కలిపి పుల్లలు గుచ్చి గడ్డకట్టిస్తోంది. దాన్ని అక్కడ పాలేటా అంటారట.

"గిదేంది టీచరమ్మా, ఐసుల కారమేంది?" అన్నాను.

"మన బడి గేటు దగ్గర మామిడికాయ ముక్కకి ఉప్పూకారం పూసి అమ్మితే తినలేదూ నువ్వు? మిరపకాయ వాళ్ళ దగ్గర్నుంచి మనకొచ్చింది. మన మామిడి అక్కడికెళ్ళింది. ఒకళ్ళనొకళ్ళు చూసుకోకుండానే ఇద్దరూ ఒకే పని చేశారు. అదెలాగో నాకు అంతుబట్టట్లేదు."

"సల్లగుంటె నాలుక మొద్దుబారుతది గద. ఇంక రుచేం తెలుస్తది?"

"వేడివన్నీ చూశాను, ఏమీ తెలీలేదు. చల్లనిది చూడలేదుగా. నువ్వు ఫ్రిజ్ సంగతి చూడు, ప్రవచనాల సంగతి తర్వాత."

ఆవిడ ఫ్రిజ్ పాతది. పై అరలో మంచు పేరుకుపోయింది. అదంతా కరిగించి, తలుపు రబ్బరు మార్చాను. బంగినపల్లి గుజ్జు ఆవిడే తీశారు. అచ్చులు లేవు కాబట్టి స్టీలు గ్లాసుల్లో పోశాం. పుల్ల నిలబడక పక్కకు ఒరిగిపోతుంటే, సగం గడ్డకట్టాక గుచ్చాలని ఇద్దరం కనిపెట్టాం. పంచదార తక్కువైన గ్లాసు రాయిలా బిగిసింది, ఎక్కువైనది అసలు కట్టలేదు. ఏ గ్లాసులో ఏం వేశారో అన్నీ ఒక పాత లెక్కల నోటుబుక్కులో రాసుకున్నారు.

నేను ప్రకటించిన ఆదివారం ఆరాధన అయ్యాక ఎనిమిది మందిమి ఆవిడ ముందుగదిలో చేరాం. గ్లాసులు కుళాయి కింద ఒక్క క్షణం పట్టి, పుల్లైసులు లాగి పళ్ళెంలో పెట్టారు. నేను లేచి ప్రార్థన మొదలుపెట్టాను. సృష్టి దగ్గర మొదలై, ఎర్రసముద్రం దాటించి, అరణ్యంలో మన్నా కురిపించి, కానానుకు వేగులవాళ్ళు మోసుకొచ్చిన ద్రాక్షగెల దాకా వచ్చాను. అది మేనెల మధ్యాహ్నం. ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి పళ్ళెం నిండా పసుపుపచ్చ నీళ్ళు, అందులో ఎనిమిది పుల్లలు పడుకొని ఉన్నాయి.

టీచరమ్మ పళ్ళెం వైపు చూసి, "ఎండెక్కితే మన్నా కూడా కరిగిపోయేది కదయ్యా. నువ్వు చదవని వాక్యమా అది?" అన్నారు. నా భార్య నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ చెంచాతో ఆ నీళ్ళు తీసుకొని నోట్లో వేసుకున్నారు. అందరం ఆవిడ ముఖమే చూస్తున్నాం. "ఏమీ లేదు" అన్నారు. నేను నిలబడ్డచోటే నీరుగారిపోయాను.

బుధవారం మళ్ళీ చేశారు. ఈసారి ఆవిడా నేనూ మాత్రమే. "ప్రార్థన చెయ్యాల్నా?" అని అడిగాను. "లోపల చేసుకో. కళ్ళు తెరిచే ఉంచు" అన్నారు. ఒక ముక్క కొరికి, నాలుక మీద అటూ ఇటూ తిప్పారు.

"ఉప్పు" అన్నారు.

నేను నోరు తెరవబోతే వేలెత్తి ఆపారు. "ఉప్పు మీద ప్రసంగం మొదలుపెట్టకు. ఉండు... పులుపు కూడా ఉంది. ఓ మూలన. కారం మంటలా తగులుతోంది గానీ రుచి కాదు. తీపి లేదు." నోటుబుక్కులో నాలుగు గళ్ళు గీసి, రెండింట్లో టిక్కు పెట్టారు. ఆ రోజు ఆవిడ మూడు పుల్లైసులు తిన్నారు. ఆ నెలల్లో ఆవిడ ఇంకా కావాలని అడిగి తిన్నది అదొక్కటే.

ఆ ఆదివారం నేను సాక్ష్యం చెప్పాను. "ప్రభువు మన టీచరమ్మకు రుచి తిరిగి ఇచ్చాడు" అని బల్ల గుద్దాను. స్తోత్రాలు మోగుతున్నాయి. వెనక బెంచీలోంచి ఆవిడ నెమ్మదిగా లేచారు. "ఉప్పూ పులుపూ ఇచ్చాడు. తీపి ఇంకా రాలేదు. ఇచ్చినదానికి స్తోత్రం. రానిదాన్ని వచ్చిందని చెబితే, రేపు వచ్చినప్పుడు ఏం చెబుతావయ్యా?" అని కూర్చున్నారు. నాకు మండింది. రెండు వారాలు ఆవిడ గుమ్మం తొక్కలేదు. మూడో వారం ఆవిడే ఒక గ్లాసు పట్టుకొని మా తలుపు తట్టారు. "జామపండుతో చేశాను. ఇదీ మెక్సికో వైపు నుంచే వచ్చిందట. తిని చూడు" అన్నారు, మధ్యలో ఏమీ జరగనట్టు. ఆ తర్వాత నేను సాక్ష్యం చెప్పే ముందు ఒకసారి ఆగుతున్నాను. వాక్యం ఎన్నేళ్ళుగా చెబుతున్నా నాకు ఎవరూ నేర్పని పని అది.

అందుకే ఇది కూడా ఉన్నదున్నట్టే రాస్తున్నాను. తీపి రాలేదు. చివరిదాకా రాలేదు.

సీతాఫలాల రోజుల్లో చివరిసారి ఆవిడ చేతి పుల్లైసు తిన్నాను. గింజలన్నీ ఓపిగ్గా తీసి, పాలు కలిపి చేశారు. అందులో ఉప్పు లేదు, పులుపు లేదు.

"మరి మీకేం తెలుస్తది టీచరమ్మా ఇందుల?" అన్నాను.

"ఏమీ తెలీదు. నువ్వు చెప్పు. తీపి ఎలా ఉంది?"

ఇన్నేళ్ళుగా మాటలకు కరువు లేని మనిషిని. ఆ రోజు ఒక్కటీ దొరకలేదు. ఆవిడ తొందరపెట్టలేదు, క్లాసులో పిల్లవాడి జవాబు కోసం ఆగినట్టు ఆగారు. చివరికి, "సలికాలం పొద్దుగాల గోడకానుకొని ఎండల కూసున్నట్టున్నది" అన్నాను.

"ఆ. గుర్తుంది" అన్నారు. తన చేతిలోని పుల్లైసు ఇంకో ముక్క కొరికి, నెమ్మదిగా, ఆనవాలు పడుతున్నట్టు, నమలసాగారు.