మొహం లేని అల్లం బిస్కెట్లు

మా చిన్నప్పుడు... దిల్‌సుఖ్‌నగర్ వెనకాల గల్లీలో, క్రిస్మస్ దగ్గర పడిందంటే మా ఇంట్లో రోకలి చప్పుడు మొదలయ్యేది. శొంఠి, దాల్చిన చెక్క, లవంగాలు... అమ్మ దంచుతుంటే ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ తుమ్మేవాళ్లం.

అవి అల్లం బిస్కెట్ల కోసం. అమ్మది నల్లగొండ దగ్గర పల్లెటూరు. మిషన్ హాస్టల్లో చదువుకునేటప్పుడు అక్కడి వార్డెనమ్మ దగ్గర నేర్చుకుందట. బెల్లం పాకంలో మైదా, వెన్న కలిపి, చపాతీలా ఒత్తి, రేకు అచ్చుతో చిన్న చిన్న మనుషుల బొమ్మలు కోసేది. ఇంట్లో ఓవెన్ ఎక్కడిది... పళ్లేలన్నీ బేకరీ భట్టీకి మోసుకెళ్లి కాల్పించుకొచ్చేవాళ్లం.

చల్లారాక అసలు పండగ. గుడ్డు తెల్లసొనలో చక్కెర పొడి, కాస్త నిమ్మరసం వేసి నురగ వచ్చేదాకా గిలక్కొట్టి, ఆ తెల్లటి పూతను పాల కవర్లో నింపి, మూల కత్తిరించి, బొమ్మలకు కళ్లు, నోరు, గుండీలు పెట్టడం.

ఆ పని మాత్రం నరేశన్నది. పక్క పోర్షన్ యాదమ్మ పెద్దమ్మకు ఒక్కగానొక్క కొడుకు. వాళ్లదీ నల్లగొండ వైపే. పెద్దనాన్న లేడు. పెద్దమ్మ గడ్డిఅన్నారం మార్కెట్ దగ్గర పండ్లు అమ్మి కొడుకును డిగ్రీ చదివించేది. వాళ్లు మా దేవుణ్ణి మొక్కరు... అయినా డిసెంబరు వచ్చిందంటే అన్న మా వంటింట్లోనే.

ఒక ఏడాది... ఉద్యమం జోరుగా ఉన్న రోజులు... పెద్ద బిస్కెట్ ఒకటి తీసుకుని దాని మీద 'జై తెలంగాణ' అని రాసి, నేరుగా పైన ఉండే ఓనరాంటీ చేతికిచ్చాడు. సీతారత్నం ఆంటీ వాళ్లది తెనాలి. మేమంతా బిక్కమొహాలు వేసుకుని చూస్తున్నాం. ఆంటీ దాన్ని అటూ ఇటూ తిప్పి, ఓ మూల కొరికి, "నీ తెలంగాణ తియ్యగానే ఉందిరా అబ్బాయ్" అంది.

"మొత్తం మీరే తినకుండ్రి ఆంటీ... మాక్కూడ జర ఉంచుండ్రి" అన్నాడు అన్న. ఇద్దరూ గల్లీ అంతా వినబడేలా నవ్వారు.

తర్వాతి ఏడాది, దసరా వెళ్లిన కొన్నాళ్లకు, నరేశన్న ఏదో సభకు పోయి వస్తుంటే అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర వ్యాను బోల్తా పడింది. మిగతా పిల్లలు దెబ్బలతో బయటపడ్డారు. అన్న దవాఖానకు చేరేలోపే పోయాడు.

అప్పటినుంచి పెద్దమ్మ వాకిట్లో ముగ్గు లేదు. మార్కెట్టుకు పోవడం మానేసింది. అన్న పోయిన రోజు చివరిచూపుకని బయల్దేరిన సీతారత్నం ఆంటీ మెట్ల మధ్యలోనే ఆగిపోయింది. కింద అన్న స్నేహితులు, జెండాలు, నినాదాలు... ఆ తర్వాత కూడా ఆ గుమ్మం వైపు వెళ్లలేదు. "వెళ్లాలనే ఉంది మేరీ... మాది అటుపక్క కదా. నన్ను చూస్తే ఆవిడ కడుపు ఇంకా రగులుతుందేమో" అని అమ్మతో అనేది.

క్రిస్మస్ దగ్గర పడింది. ఈసారి ఏమీ చేయనంది అమ్మ. "పక్కింట్ల పొయ్యే సక్కగ వెలుగుతలేదు... మనకేం పండుగ?" అంది. మళ్లీ ఏమనిపించిందో, ఒక పొద్దున తనే శొంఠి తీసి రోట్లో వేసింది. "నరేశ్ ఉంటే ఊకుంటుండెనా" అనుకుంటూ దంచింది.

ఆ రోజు బంద్. పళ్లేలతో వెళ్లేసరికి బేకరీ షట్టర్ దించేసి ఉంది. ఉసూరుమంటూ వెనక్కి వస్తుంటే ఆంటీ పైనుంచి చూసింది. తన గుండ్రటి కరెంటు ఓవెన్‌ను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా మెట్లు దిగి మా ఇంట్లోకి వచ్చింది.

బిస్కెట్లు కాలాయి. అమ్మ పూత మాత్రం కలపలేదు. కళ్లూ నోరూ లేని బొమ్మలనే పళ్లెంలో పేర్చి, గుడ్డ కప్పి, "మీరు గూడ రాండ్రి అక్కా" అంది ఆంటీతో.

ముగ్గురం వెళ్లాం. పెద్దమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆంటీ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. పెద్దమ్మ తలెత్తి ఆమెనే చూసింది... చాలాసేపు. నాకు భయమేసింది.

"ఏందమ్మా, గాడనే నిలవడ్డవ్? లోపటికి రా" అంది. "మా వానికి నువ్వంటే మస్తు పాణం. ఒక్కపారి గూడ రాకపోతివి."

ఆంటీ అక్కడే కూలబడి ఏడ్చింది. "భయపడ్డాను యాదమ్మా... నన్ను చూస్తే నీకు కోపమొస్తుందేమోనని..."

"నీ మీద కోపం జేస్తే వాడొస్తడా?"

తర్వాత పెద్దమ్మే పళ్లెం మీది గుడ్డ తీసింది. ఒక బొమ్మను చేతిలోకి తీసుకుని దాని మొహాన్ని వేలితో నిమిరింది.

"మొకం లేదేంది చెల్లె?"

"చెయ్యాడలేదక్కా" అంది అమ్మ.

"వాడు పెట్టినట్ల నాకు రాదు... అయినా తే."

నేను ఇంట్లోకి పరిగెత్తి గుడ్డు, చక్కెర పొడి తెచ్చాను. అమ్మ అక్కడే కూర్చుని పూత కలిపి పాల కవర్లో నింపి ఇచ్చింది. కళ్లు పెట్టబోయింది పెద్దమ్మ. ఆగింది. కాసేపటికి బొమ్మ రొమ్ము మీద చుక్కలు పెట్టి, వాటి చుట్టూ సన్నగా గీత తిప్పింది. ఒక్కో బొమ్మ మీద ఒక్కో చిన్న ముగ్గు. కొడుకు పోయాక ఆమె పెట్టిన మొదటి ముగ్గు అదే.

రాష్ట్రం వచ్చిన రోజు మా గల్లీలో పటాకులు ఆగకుండా పేలాయి. అందరూ రోడ్డు మీదే. యాదమ్మ పెద్దమ్మ మాత్రం ఇంట్లోనే ఉంది. ఆమెకు ఒక పక్క అమ్మ, ఇంకో పక్క సీతారత్నం ఆంటీ. పటాకు పేలినప్పుడల్లా పెద్దమ్మ ఆంటీ చేతిని గట్టిగా పట్టుకోవడం కిటికీలోంచి చూశాను.

ఇప్పుడు ఆ ఇంటి జాగాలో అపార్ట్‌మెంట్ లేచింది. అల్లం బిస్కెట్లు ఫోన్లో నొక్కితే అట్టపెట్టెలో వస్తాయి... బాగానే ఉంటాయి కూడా. కానీ పక్క ఫ్లాట్‌లో ఎవరైనా పోతే ఎప్పుడో లిఫ్టులో తెలుస్తోంది...

మీ పండగ వంటల్లో పక్కింటివాళ్ల చెయ్యి పడినవి ఉన్నాయా? ఉంటే వాళ్ల పేర్లతో సహా రాయండి... ఆ పేర్లు చదువుకోవాలని ఉంది.