నోరు మెదపవద్దన్న ఆజ్ఞ

మాదాపూర్‌లోని ఐటీ క్యాంపస్‌లో సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేరకముందు ఓబులేసు సైన్యంలో హవల్దారు. కశ్మీరు లోయలో తన వెంట వచ్చిన ఏడుగురిలో ఆరుగురిని కాల్పుల మధ్యనుంచి బతికించి తెచ్చినందుకు అతనికి పతకం ఇచ్చారు. ఏడవవాడు బాలు. ఈ గణతంత్ర దినోత్సవాన క్యాంపస్‌లో అందరి ముందూ ఆనాటి సంగతి చెప్పమని ఓబులేసును అడిగారు; వినడానికి బాలు భార్య జయంతిని కూడా ప్రగతి నగర్ నుంచి పిలిపించారు. అది హెచ్‌ఆర్ రమ్య ఆలోచన.

“సార్, ప్రెజర్‌లో లీడర్‌షిప్ అని స్లైడ్ పెట్టినం. జర ఇన్‌స్పైరింగ్‌గ చెప్పాలె.”

“ప్రెజరంటే ఏందమ్మా, మీ టిఫిన్ క్యూలో ఉంటాదే, అదేనా?”

నవ్వించాడు గాని, జయంతి ఎదురుగా కూర్చుని వింటుందన్నదే అతని ఆలోచన. తొమ్మిదేళ్ల క్రితం బాలు శవపేటిక పక్కన నిలబడి, “తూటా తగిలిన క్షణంలోనే పోయినాడమ్మా, నొప్పి తెలీలేదు” అని జయంతికి చెప్పింది అతనే.

వేదికపై క్లుప్తంగా చెప్పాడు. పొగమంచులో పైనున్న శత్రువు చప్పుడు వినిపించిన చోటికల్లా కాల్చేవాడు. ఏం జరిగినా నోరు మెదపవద్దని ఆజ్ఞాపించి, వరుసగా నేలకు కరుచుకుని పడుకున్నవాళ్లలో ఎడమ కొసనుంచి ఒక్కొక్కరి దగ్గరికీ పాకుతూ వెళ్లి, వాగు మలుపు చాటుకు చేర్చాడు. కుడి కొసన బాలు ఉన్నాడు. అక్కడ ఓబులేసు ఆగిపోయాడు. ముగిసిందనుకుని హాలంతా చప్పట్లు కొట్టింది. ముందుకు దూకినవాడి ధైర్యానికి సాక్షులుంటారు. కదలక పడి ఉన్నవాడి ధైర్యాన్ని ఎవరు చూస్తారు?

కాఫీ మెషీను దగ్గర జయంతి ఎదురైంది.

“అన్నయ్యగారూ, ఆయన దాకా వచ్చేసరికి ఎంతసేపైందండీ?”

మరొక్కసారి అబద్ధమాడవచ్చు. నాలుక సహకరించలేదు.

“నలభై నిమిషాలమ్మా. తొడలో తూటా. చొక్కా చెయ్యి పళ్ల మధ్య కరుచుకోనే ప్రాణం విడిచినాడు. ఒక్క మూలుగు వినపడింటే ముందు వాని దగ్గరికే పోయింటాను. మూలిగింటే మేమెవరమూ మిగిలేవాళ్లం కాదేమో. నీకు అబద్ధం చెప్పినాను తల్లీ.”

ఆమె చేతిలోని కప్పును మెషీను పక్కన పెట్టింది.

“పాపకి టీకా వేయిస్తుంటే పాపకన్నా ముందు ఆయనే కేక పెట్టేవారండీ. చీమ కుట్టినా వీధంతా తెలియాల్సిందే.” చిన్నగా నవ్వబోయి ఆగింది. “నేనేం చెప్పినా వినేవారు కాదు. మీ మాట విన్నారు.”

అది నిందో, కాదో ఓబులేసుకు అర్థం కాలేదు. జయంతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె గట్టిగా ఏడిస్తే బాగుండునని అతను కోరుకున్నాడు. ఆమె ఏడవలేదు.