గుడివాడ వదినమ్మకు రేడియోలో పాట

మేం రేడియోలో పాడే రోజుల్లో మనిషికి పేరొచ్చినా మొహం బయటపడేది కాదు. ఆ సుఖం ఎంతటిదో ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. బందరు బజార్లో మా పెద్దమ్మ వంకాయలు బేరమాడుతుంటే కొట్టువాడు ఆ గొంతు గుర్తుపట్టి, "అమ్మా, రేడియోలో పెళ్ళిపాట పాడింది మీరేనాండీ?" అని అడిగేవాడు. ఆవిడ మురిసిపోయి బేరం మరిచిపోయేది. (వాడు అందుకే అడుగుతాడని మా పిన్ని అనుమానం.) బృందమంటే మొదట్లో నలుగురం. ముందు పాడేది పెద్దమ్మ, అందుకునేది పిన్ని, డోలక్ పక్కింటి సాయిబుగారి భార్య ఆపా, అందరి వెనకా వంత పాడేది నేను. మా దగ్గరున్న సరుకంతా వియ్యపురాలిని దెప్పే పాటలే. పెళ్ళికొడుకు తల్లిని ఎదురుగా కూర్చోబెట్టి, ఆవిడ నడకనీ నగల్నీ తిండినీ అప్పటికప్పుడు పాటలో ఇరికించి ఏడిపించడం, ఆవిడ తరఫువాళ్ళు లేచి జవాబు పాడడం, రెండు వైపులా కడుపుబ్బ నవ్వుకోవడం. ఆపా వాళ్ళ పెళ్ళిళ్ళలోనూ డోలక్ ముందేసుకుని చేసేది ఇదే కాబట్టి ఆవిడకూ మాకూ ఏనాడూ తాళం తప్పలేదు.

బెజవాడ స్టేషన్లో ఆడిషన్ గట్టెక్కి, మొదటి కార్యక్రమానికి పిలుపు వచ్చేనాటికి నాకొక సంబంధం వేలాడుతోంది. గుడివాడ వాళ్ళు. పెళ్ళిచూపులకొచ్చి "ఆలోచించుకుని కబురు చేస్తామండీ" అని వెళ్ళినవాళ్ళు, పక్షం రోజులైనా ఉలుకూ లేదు, పలుకూ లేదు. అబ్బాయి నాకు నచ్చాడు. పోస్టుమాన్ సైకిలు బెల్లు వినిపిస్తే వాకిట్లోకి పరిగెత్తేటంతగా నచ్చాడు. వాళ్ళమ్మగారు మాత్రం నవ్వితే నగలు రాలిపోతాయన్నట్టు బిగుసుకుని కూర్చున్నారు. పూర్ణం బూరెలు పెడితే "వద్దండీ, వద్దండీ" అంటూనే పళ్ళెం ఖాళీ చేశారు. మా పెద్దమ్మంతటిది కూడా ఆ పూట కిక్కురుమనకుండా, చేతులు కట్టుకుని, మహా మర్యాదగా నిలబడింది.

ఇక స్టేషన్ సంగతి. మా పాట రికార్డింగు కాదు, పాడింది పాడినట్టు నేరుగా జనం చెవుల్లోకి పోతుంది. కార్యక్రమం చూసుకునే అమ్మగారు, "ఎవరి పేరూ ఎవరి ఊరూ రాకూడదండీ, మర్యాదగా ఉండాలి" అని ఒకటికి నాలుగుసార్లు చెప్పారు. సరేనన్నాం. తీరా గదిలో కూర్చున్నాక పెద్దమ్మ నోట పాట పుట్టలేదు.

"ఎదురుగా వియ్యపురాలు లేకుండా ఎవర్ని దెప్పనే? ఈ ఇనప ముక్కనా?" అంది మైకుని చూసి.

"కళ్ళు మూసుకుని ఎవరో ఒక వియ్యపురాల్ని తలుచుకో అక్కా" అంది పిన్ని. (ఈ సలహాకి పిన్నితో నేను చాలాకాలం మాట్లాడలేదు.)

ఎర్ర దీపం వెలిగింది. పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. ఆ పక్షం రోజులూ మా ఇంట్లో అందరి బుర్రలోనూ తిరుగుతున్న వియ్యపురాలు ఒక్కరే కదా!

"గుడివాడ వదినమ్మ గుట్టు వింటారా?
పిల్లని చూడమంటే బూరెల్ని చూసె!
వద్దు వద్దంటూనే పళ్ళెమంతా మింగె!"

ప్రతి చరణానికీ "అవునే వదినా, అవునవునే" అని వంత పాడడం నా పని. పాడకపోతే పాట ఆగిపోతుంది, పాడితే పెళ్ళి ఆగిపోతుంది. ఏడుపు దిగమింగుకుంటూ పాడాను. అద్దం అవతల అమ్మగారు ఆపమని రెండు చేతులూ ఊపుతుంటే, పెద్దమ్మ కళ్ళు తెరిచి, అది మెచ్చుకోలనుకుని ఇంకో చరణం అందుకుంది. ఆపా అయితే పూనకం వచ్చినట్టు డోలక్ చితక్కొట్టేసింది.

గుడివాడలో ఆ వీధి మొత్తానికీ రేడియో ఉన్నది వాళ్ళింట్లోనే. మధ్యాహ్నం ఆడవాళ్ళంతా అక్కడే చేరి వింటారని పెళ్ళిచూపుల్లో ఆవిడే చెప్పారు. తిరుగు బస్సులో నా ఏడుపు చూసి పెద్దమ్మ, "ఊరుకోవే, ఆ టయానికి వాళ్ళకి కరెంటుండదులే" అంది. "వాళ్ళది బ్యాటరీలదక్కా" అంది పిన్ని. నేను మళ్ళీ మొదలుపెట్టాను.

ఆ వారంలోనే ఒక ఉదయం మా వాకిట్లో రిక్షాలు ఆగాయి. గుడివాడావిడ, వెనక వాళ్ళ వీధి ఆడవాళ్ళు. నాన్న కంగారుగా కుర్చీ వేశారు. ఆవిడ కూర్చోలేదు, మంచినీళ్ళు ముట్టలేదు.

"పాడింది ఎవరండీ?" అన్నారు.

"నేనేనండీ, బుద్ధి తక్కువై..." అని పెద్దమ్మ నసిగింది.

ఆవిడ కొంగు నడుముకి దోపి, గొంతు సవరించుకుని, గుమ్మంలో నిలబడే ఎత్తుకున్నారు:

"బందరు వదినమ్మ బడాయి చూడరే!
నాలుగు బూరెలు పెట్టి నలభై ఊళ్ళకి చాటె!"

వెనకున్నవాళ్ళు గొల్లుమన్నారు. పాట విని గోడ అవతలి నుంచి ఆపా డోలక్ చంకనేసుకుని పరిగెత్తుకొచ్చింది. మేం నవ్వాలో ఏడవాలో తేల్చుకునేలోపు ఆవిడ నాన్న వైపు తిరిగారు. "మా వీధి వీధంతా విన్నారన్నయ్యగారూ. పరాయివాళ్ళంటే అది తిట్టు. వియ్యపురాలంటే అది పాట. నాకది తిట్టుగా మిగిలిపోవడం ఇష్టం లేదు. ముహూర్తం పెట్టించండి."

అలా నాకు పెళ్ళీ, బృందానికి ఐదో గొంతూ కుదిరాయి. మమ్మల్ని చీవాట్లు పెట్టిన స్టేషన్ అమ్మగారే మళ్ళీ పిలిచారు. దివిసీమ అంతటి నుంచీ, హంసలదీవి పక్క పల్లెల నుంచి కూడా, "గుడివాడ వదినమ్మ ఊరుకుందా?" అని ఉత్తరాలట. ఊరుకోలేదు. ఏళ్ళ తరబడి పెద్దమ్మా అత్తగారూ మైకుకి చెరోపక్కా కూర్చుని ఒకరినొకరు ఉతికి ఆరేశారు. మోపిదేవి గుళ్ళో దర్శనం వరసలో ఇద్దరూ మాట్లాడుకుంటుంటే, గొంతులు పోల్చుకున్నవాళ్ళు ముందుకు వెళ్ళమని దారిచ్చారు. తర్వాత ఇంటింటికీ టీవీ వచ్చింది. స్టేషన్ వాళ్ళు పిలవడం మానేశారు, మేమూ అడగలేదు.

పోయినేడు మా చిన్నవాడి పెళ్ళయింది. పెళ్ళికొడుకు తల్లినని పట్టుచీర కట్టుకుని, ఏమంటారో ఏమంటారో అని ముందు వరసలో కూర్చున్నాను. సౌండు బాక్సులు మోగాయి గానీ, ఒక్కళ్ళు నన్ను పల్లెత్తు మాటనలేదు. ఇంటికొచ్చి అత్తగారి దగ్గర వాపోయాను. ఎనభై దాటిన మనిషి, పడీపడీ నవ్వారు.

"మీ ఇంటికి పెళ్ళిచూపులకొచ్చిన రోజు నాకూ ఇంతేనే. అంతా చేతులు కట్టుకుని నిలబడితే నాకూ నోరు రాలేదు. నవ్వడం తెలీని ఇంటి పిల్ల మనకొద్దనుకునే బస్సెక్కాను. ఆ మాట మీ నాన్నగారికి చెప్పడానికి మొహం చెల్లక నాన్చాను. ఇంతలో మీ పెద్దమ్మ పాడింది."

"పాడకపోతే?"

"నువ్వెవరో నేనెవరో!"

నా పెళ్ళి చెడబోయింది ఆ పాట వల్లేనని ఇన్నేళ్ళూ అందరికీ కథలుగా చెప్పుకున్నాను. పెద్దమ్మ బతికుంటే కాళ్ళమీద పడేదాన్ని. ఆవిడ లేదు కాబట్టి ఫొటోకి దణ్ణం పెట్టుకున్నాను. ఆ ఊపులోనే మా కొత్త వియ్యపురాలికి ఫోన్ చేసి, వాళ్ళ మర్యాదల మీద అప్పటికప్పుడు కట్టిన రెండు చరణాలు గొంతెత్తి పాడాను.

"ఒంట్లో బాగానే ఉందా వదినగారూ?" అంది పాపం.