మూతి పెట్టి తాగిన నీళ్ళు

రాసుకోవే బంగారూ. అప్పట్లో తమిళనాడులో కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్‌కు బస్సులో పోతున్నాను. పక్కసీట్లో ఒక కుర్రాడు తల్లి భుజం మీద వాలి ఉన్నాడు. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. "అమ్మా, నీళ్ళు" అన్నాడు, మన తెలుగులోనే. వాళ్ళ సీసా ఖాళీ. నాదిచ్చాను. ఎత్తి పోసుకోబోయి, ఎత్తలేక సీసా ఒళ్ళో దించుకున్నాడు.

"మూతి పెట్టే తాగు నాయనా, నేనేమీ అనుకోను" అన్నాను.

వాడు మొహం తిప్పేసుకున్నాడు. "వద్దు పెద్దమ్మా. నాకు పచ్చకామెర్లు. అట్ల తాగే వచ్చింది."

తల్లి చెప్పింది. "దూరం పరుగుపందేనికి పోయినాడక్కా. ఇంట్లో ఒకనాడూ ఎంగిలి చేసి తాగినోడు కాదు. పరిగెత్తతా ఎత్తి తాగితే పొలమారతాదని, అందరూ ఒకే లోటా తొట్లో ముంచి, మూతి పెట్టి తాగినారంట. వీనితో తాగిన సావాసగాడు మొన్ననే ఇదే జబ్బుతో పోయినాడు."

"ఊరుకోమ్మా" అని వాడు నా ముందు దోసిలి పట్టాడు. సీసా తగలకుండా పోశాను. సగం వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి. మళ్ళీ పట్టాడు, మళ్ళీ పోశాను.

విరుదునగర్‌లో వాణ్ణి ఇద్దరు మోసుకుని దించారు. లుంగీ కాస్త పైకి జరిగింది. మనిషంతా కరిగిపోయాడు గానీ, పిక్కలు మాత్రం ఇంకా రాయిలాగే ఉన్నాయి తల్లీ.